పాత రోహౌసా, కొత్త లగ్జరీ కాండోనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిలడెల్ఫియా, బాల్టిమోర్, వాషింగ్టన్ డీసీలలో ఇల్లు వెతికేవాళ్లకు ఒకే బడ్జెట్‌లో రెండు రకాలు ఎదురుపడతాయి. ఒకటి వందేళ్ల కిందటి ఇటుక రోహౌస్, అంటే పక్కింటితో గోడ కలిపి వరసగా కట్టిన ఇల్లు. రెండోది నిన్నమొన్న తాళాలిచ్చిన అద్దాల భవనంలో కాండో. ఈ జవాబులు ఆ మూడు ఊళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వేరే ఊరైతే గోడలు, పైపుల సంగతి పనికొస్తుంది గానీ పన్నులు, చట్టాలు మాత్రం అక్కడివే చూసుకోవాలి.

రెండింట్లో నా సొంతమయ్యేది ఏమిటి?

రోహౌస్‌లో నేల, కప్పు, ముందూ వెనకా గోడలు, ఇంటి మురుగు పైపు అన్నీ సాధారణంగా మీవే. మురుగు పైపులో వీధి కింద భాగం ఎవరిదన్నది ఊరిని బట్టి మారుతుంది. పక్కింటితో కలిసిన గోడ మాత్రం ఇద్దరిదీ. కాండోలో మీకు దక్కేది గోడల లోపలి భాగం, దాంతోపాటు మొత్తం భవనంలో కొంత శాతం వాటా. కప్పు, లిఫ్టు, బయటి అద్దాలు, కారిడార్లు ఉమ్మడి ఆస్తి. బాల్కనీ, పార్కింగ్ స్థలం చాలాచోట్ల మీరు ఒక్కరే వాడుకునే ఉమ్మడి ఆస్తి కిందికి వస్తాయి. అంటే వాడేది మీరే అయినా టైల్ మార్చాలంటే అసోసియేషన్‌ని, అంటే యజమానుల సంఘాన్ని, అడగాలి.

అసలు తేడా పాతదా కొత్తదా అన్నది కాదు. రిపేరు ఎప్పుడు చేయాలో, ఎంత పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారన్నదే తేడా. రోహౌస్‌లో ఆ నిర్ణయం మీది, బిల్లూ మొత్తం మీదే. కాండోలో నిర్ణయం ఆ సంఘం బోర్డుది, బిల్లులో వాటా మీది.

రోహౌస్‌కి నెలనెలా ఫీజు ఉండదు కదా, చవక పడదా?

లెక్క వేయకుండా అలా అనుకోవద్దు. రెండూ 5 లక్షల డాలర్లే అనుకుందాం. కాండో ఫీజు నెలకు 750 డాలర్లైతే ఏడాదికి 9,000. ఇంటి విలువలో ఏటా 1 శాతం మరమ్మతులకు పక్కన పెట్టుకోమనేది వాడుకలో ఉన్న లెక్క. వందేళ్ల ఇంటికి అది చాలదు, 2 శాతం వేసుకోండి: 10,000. చూశారుగా, ఇంచుమించు సమానం.

కాకపోతే రోహౌస్ ఖర్చు నెలవారీగా రాదు. మూడేళ్లు ఏమీ ఉండదు, నాలుగో ఏడు కప్పూ బాయిలరూ ఒకేసారి వస్తాయి. చేతిలో కనీసం 15,000 నుంచి 20,000 డాలర్లు మిగలకుండా ఉన్నదంతా డౌన్ పేమెంట్‌లో పోసి పాత ఇల్లు కొంటే, మొదటి చలికాలంలోనే క్రెడిట్ కార్డు బయటికి తీయాల్సి వస్తుంది.

కాండో ఫీజు కూడా ఉన్నచోట ఉండదు. 750 డాలర్లు ఏటా 5 శాతం పెరిగితే పదేళ్లకు నెలకు 1,222 అవుతుంది. పైగా ఫీజు కట్టినా మీ యూనిట్‌లోని హీట్ పంపు, వాటర్ హీటర్, వంటింటి యంత్రాలు మీ ఖర్చే.

పాత రోహౌస్ చూడ్డానికి వెళ్తే మొదట ఏం చూడాలి?

వీధివైపు ముందు గోడ. లోపలికి వెళ్లకముందే.

చాలా రోహౌస్‌లలో అంతస్తుల దూలాలు ఒక ఉమ్మడి గోడ నుంచి ఇంకో ఉమ్మడి గోడకు అడ్డంగా పోతాయి. కాబట్టి ముందు గోడను పట్టి ఉంచేది పెద్దగా ఏమీ ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ నీరు దిగి, ఆ గోడ వీధివైపు పొట్టలా ఉబ్బుతుంది. గోడకు చెంప ఆనించినంత దగ్గరగా నిలబడి, ఒక కన్ను మూసి కార్నిస్ (కప్పు అంచున ముందుకు పొడుచుకొచ్చిన పట్టీ) దాకా పైకి చూడండి. రెండో అంతస్తు దగ్గర గీత బయటికి వంగితే తెలిసిపోతుంది. గోడ మీద నక్షత్రం ఆకారంలో ఇనప బిళ్లలు కనిపిస్తే ఎప్పుడో ఉబ్బిన గోడను కడ్డీలతో దూలాలకు బిగించారని అర్థం. బిళ్లలుంటే భయపడక్కర్లేదు. అవి బిగించాక కూడా ఉబ్బు పెరుగుతోందా, కిటికీ చట్రానికీ ఇటుకకూ మధ్య కొత్త సందు పడిందా అన్నది చూడాలి. పడి ఉంటే మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్ చాలడు, స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి.

తర్వాత ఇటుకల మధ్య సందులు. తాళంచెవితో గీకండి. పాత సున్నపు మోర్టార్ (ఇటుకల్ని అతికే మిశ్రమం) అయితే తెల్లటి ఇసుకలా రాలుతుంది. బూడిద రంగులో, రాయిలా, చెవి జారిపోయేంత గట్టిగా ఉంటే ఎవరో పోర్ట్‌లాండ్ సిమెంట్‌తో పూశారన్నమాట. చూడ్డానికి ఇదే బలంగా అనిపిస్తుంది, కానీ చెరుపు చేసేది ఇదే. వందేళ్ల కిందటి ఇటుక మెత్తన. అందులోకి చేరిన తేమ సున్నపు సందులోంచి బయటికి పోవాలి. సందుని సిమెంట్‌తో మూసేస్తే తేమ ఇటుకలోనే నిలిచి, చలికాలంలో గడ్డకట్టి, ఇటుక ముఖం పెచ్చులుగా ఊడిపోతుంది. సందు రాలితే మళ్లీ పూయొచ్చు, ఊడిన ఇటుక ముఖం తిరిగి రాదు.

సరైన రిపాయింటింగ్ అంటే పాత మోర్టార్‌ని సందు వెడల్పుకి రెండు, రెండున్నర రెట్ల లోతు తవ్వి తీసి, సున్నం ఎక్కువగా ఉన్న మెత్తటి మిశ్రమాన్ని పొరలు పొరలుగా కూరడం. పైపైన పూత పూసిపోయే మేస్త్రీ సగం ధరకే వస్తాడు. ఆ పూత రెండు మూడు శీతాకాలాలకు పలకలుగా ఊడుతుంది.

కప్పు చదునుగా ఉంటుంది కదా, కారదా?

పూర్తిగా చదును కాదు, వెనక గట్టర్ వైపు కొంచెం వాలు ఉంటుంది. అందుకే కారడం మొదలైతే మరకలు ముందుగా వెనక గది సీలింగ్ మీద, గోడ మొదట్లో కనిపిస్తాయి. వాన వెలిశాక 48 గంటలు దాటినా కప్పు మీద నీళ్లు నిలిచి ఉంటే వాలు చచ్చిపోయిందని లెక్క. మాడిఫైడ్ బిట్యుమెన్ కప్పులు 15 నుంచి 20 ఏళ్లు వస్తాయి, మధ్యలో నాలుగైదేళ్లకోసారి వెండిరంగు పూత వేస్తే. ఎక్కువ లీకులు కప్పు మధ్యలో రావు. పక్కింటి కప్పు కలిసే అంచుల దగ్గర, పొగగొట్టం చుట్టూ వేసిన రేకు దగ్గర వస్తాయి. పక్కవాళ్లదీ పాత కప్పే అయితే ఇద్దరూ కలిసి ఒకేసారి వేయించుకోవడం మంచిది. అతుకు ఒకే కాంట్రాక్టర్ చేతిలో ఉంటుంది.

బేస్‌మెంట్‌లో ఏం చూడాలి?

ఇంటి వయసు దాగనిది అక్కడే. టార్చ్, అయస్కాంతం, ఒక తాళంచెవి తీసుకెళ్లండి.

నీటి పైపు వీధి నుంచి ఇంట్లోకి వచ్చే చోటుని మీటర్ దగ్గర వెతికి పట్టుకోండి. దాన్ని తాళంచెవితో మెల్లగా గీకండి. రాగి నాణెం రంగు బయటపడితే రాగి. మెరిసే వెండిరంగు కనిపించి, లోహం మెత్తగా ఉండి, అయస్కాంతం అంటకపోతే అది సీసం. అయస్కాంతం అంటుకుంటే గాల్వనైజ్డ్ ఇనుము. అది లోపల్లోపల తుప్పుతో పూడుకుపోతుంది, మూడో అంతస్తు షవర్‌లో ధార సన్నబడుతుంది. సీసపు పైపులు కొత్తగా వేయడాన్ని 1986లో దేశమంతటా నిషేధించారు. అంతకుముందువి చాలా చోట్ల ఇంకా భూమిలోనే ఉన్నాయి. వాటిలో చాలావాటిని పదేళ్లలో మార్చాలని ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ 2024 అక్టోబరులో నిబంధన పెట్టింది. ఇంటివైపు భాగం ఖర్చు ఎవరిదో మాత్రం ఊరి నీటి శాఖను అడిగి తెలుసుకోండి.

పైన దూలాలకు తెల్లటి పింగాణీ గుబ్బలు, వాటి మీదుగా గుడ్డచుట్టిన తీగలు కనిపిస్తే అది నాబ్ అండ్ ట్యూబ్ వైరింగ్. 1940ల దాకా వాడారు. దానికి ఎర్త్ తీగ ఉండదు. కరెంటు ప్రవహిస్తున్న నాబ్ అండ్ ట్యూబ్ ఉంటే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు పాలసీ ఇవ్వవు, పాలసీ లేకపోతే లోన్ రాదు. తెంచేసి వదిలిన పాత గుబ్బలైతే ఫరవాలేదు. ఏవి బతికున్నాయో తేల్చేది ఎలక్ట్రీషియనే.

మురుగు పైపుకి తప్పనిసరిగా కెమెరా పంపించండి. ఇది మామూలు ఇన్‌స్పెక్షన్‌లో ఉండదు, విడిగా అడగాలి. పాత ఇళ్లలో ఇంటి కింద పోత ఇనుము, వీధి కింద కాల్చిన మట్టి గొట్టాలు. మట్టి గొట్టాల అతుకుల్లోంచి చెట్ల వేళ్లు దూరతాయి. వీడియోలో కెమెరా నీళ్లలో మునిగి కొంతదూరం పోయి మళ్లీ తేలితే అక్కడ పైపు కుంగిందని అర్థం. వేళ్లు కోయిస్తే సరిపోతుంది, కుంగిన చోట తవ్వాల్సిందే. ఫిలడెల్ఫియాలో నగర నీటి శాఖ ఇలాంటి పైపులకు హెల్ప్ అనే వడ్డీలేని రుణం ఇస్తుంది.

ఇంకో సంగతి చాలామంది కంట పడదు. ఫర్నేస్ మార్చినప్పుడు కొత్త హై ఎఫిషియెన్సీ ఫర్నేస్‌కి ప్లాస్టిక్ గొట్టం పెట్టి బయటికి తీస్తారు. పాత గ్యాస్ వాటర్ హీటర్ ఒక్కటే ఆ పెద్ద ఇటుక పొగగొట్టానికి మిగిలిపోతుంది. అంత వెడల్పు గొట్టాన్ని వేడెక్కించే శక్తి దానికి ఉండదు. పొగ పైకి పోకుండా చల్లబడి, ఆవిరి గోడల్లోకి దిగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తిరగబడొచ్చు. పరిష్కారం: గొట్టం లోపల సరైన సైజు స్టీల్ లైనర్, లేదా కరెంటు హీటర్.

గోడల మీద తెల్లటి ఉప్పు పొడి ఉండటం రాతి పునాదుల్లో మామూలే. దాని మీద కొత్తగా మెరిసే వాటర్‌ప్రూఫ్ రంగు వేసి ఉంటే మాత్రం అనుమానించండి. అది తేమను ఆపదు, అమ్మేదాకా కనపడకుండా చేస్తుంది. మొదట కప్పు నీళ్లు దిగే గొట్టం ఎక్కడ పడుతోందో, వెనక సిమెంట్ నేల వాలు ఇంటివైపు ఉందేమో చూడండి. తేమలో సగం మూలం అక్కడే దొరుకుతుంది.

లోపలంతా కొత్తగా రీమోడల్ చేసిన పాత ఇల్లైతే రెండు విధాలా లాభం కదా?

పైన పటారం, లోన లొటారం అనే సామెత ఇలాంటి ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది. తెల్ల క్యాబినెట్లు, బూడిదరంగు నేల, సీలింగ్ నిండా లైట్లు చూసి మురిసిపోకుండా పర్మిట్లు అడగండి. ఫిలడెల్ఫియాలో నగరానికి చెందిన అట్లాస్ వెబ్‌సైటులో చిరునామా కొడితే పర్మిట్లు, ఉల్లంఘనలు కనిపిస్తాయి. మూడు బాత్రూములు కొత్తగా కట్టి, ప్లంబింగ్ పర్మిట్ ఒక్కటీ లేకపోతే ఆ గోడల వెనక ఏముందో ఎవరికీ తెలియదు. బాత్రూము పైపుల కోసం దూలాల్ని అడ్డదిడ్డంగా కోసేయడం ఇలాంటి ఇళ్లలో తరచూ కనిపించే తప్పు. పై అంతస్తులో టబ్ పక్కన నిలబడి మడమల మీద ఒకసారి ఎగిరి దిగండి. గది కదిలితే కింది సీలింగ్ తెరిపించి చూడాల్సిందే.

నిజం చెప్పాలంటే వంటిల్లు పాతదైనా వైరింగ్, పైపులు, కప్పు పర్మిట్లతో మార్చిన ఇల్లు, మెరుగులు దిద్దిన ఇంటికన్నా ఎప్పుడూ మేలు.

చిన్నపిల్లలున్నారు. సీసం రంగు గురించి ఎంత భయపడాలి?

ఇళ్లలో సీసం రంగు వాడకాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇంట్లో అది ఉందనే అనుకోండి. అమ్మేవాళ్లు తమకు తెలిసింది రాతపూర్వకంగా చెప్పాలి, పరీక్ష చేయించుకోవడానికి మీకు 10 రోజుల గడువు ఇవ్వాలి, ఇది ఫెడరల్ నిబంధన. గోడ మీద పెచ్చు ఊడకుండా ఉన్న పాత పొరకన్నా, పైకీ కిందకీ జరిగే కిటికీల రాపిడితో రాలే ధూళి ప్రమాదం. పాకే పిల్లల చేతులకు అంటేది అదే. రీమోడలింగ్‌లో గదికి 6 చదరపు అడుగులకు మించి పాత రంగును కదిలించే పనైతే ఈపీఏ సర్టిఫికెట్ ఉన్న కాంట్రాక్టరే చేయాలి. సాండర్ పట్టుకుని వచ్చేవాణ్ని గుమ్మంలోనే ఆపండి.

పక్క ఇళ్లు కూడా చూడాలా?

చూడాలి. రోహౌస్ కొంటే సగం గోడ పక్కవాళ్లతో కలిసి కొన్నట్టే. పక్కది ఖాళీగా పడి ఉంటే దాని కప్పులోంచి దిగే వాన మీ ఉమ్మడి గోడలోని దూలాల చివర్లను కుళ్లబెడుతుంది. బాల్టిమోర్‌లో ఇది రోజూ ఎదురయ్యే సమస్య. పక్కది ఖాళీ స్థలమైతే రేపు అక్కడ లోతుగా తవ్వి కొత్త భవనం లేపుతారు. తవ్వకం మొదలవకముందే మీ గోడల్లో ఉన్న ప్రతి పగులుకూ పక్కన స్కేలు పెట్టి తేదీతో ఫొటోలు తీసి ఉంచుకోండి. తర్వాత తగువు వస్తే సాక్ష్యం అవే.

బాల్టిమోర్‌లో గ్రౌండ్ రెంట్ అంటున్నారు, ఏమిటది?

ఇల్లు మీది, కింది నేల ఇంకొకరిది. ఏటా చిన్న మొత్తం, సాధారణంగా రెండు వాయిదాల్లో, నేల యజమానికి కట్టాలి. మేరీల్యాండ్ పన్ను మదింపు శాఖ రిజిస్ట్రీలో చిరునామా కొట్టి చూడండి. చాలా లీజులను కొని వదిలించుకోవచ్చు: ఎక్కువ వాటికి ఏడాది అద్దెను 0.06తో భాగిస్తే ధర వస్తుంది. 96 డాలర్ల అద్దెకు 1,600 డాలర్లు. క్లోజింగ్‌లోనే (ఇల్లు మీ పేరుకు మారే రోజు) అమ్మేవారి చేత వదిలింపజేయమని అడగడంలో తప్పు లేదు.

హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే నష్టమా?

అలాంటి రక్షిత పాత ప్రాంతంలో వీధివైపు కిటికీలు, తలుపు, కార్నిస్ మార్చాలంటే ముందు అనుమతి కావాలి. చవక వినైల్ కిటికీలు కుదరకపోవచ్చు. లోపలి పనులకు సాధారణంగా అడ్డు ఉండదు. లాభం కూడా ఉంది: బాల్టిమోర్‌లో అర్హత ఉన్న మరమ్మతుల వల్ల పెరిగిన ఆస్తి విలువ మీద పదేళ్ల పన్ను క్రెడిట్ ఇస్తారు. పని మొదలుపెట్టకముందే దరఖాస్తు పెట్టాలి. ముందు పని, తర్వాత దరఖాస్తు అంటే కుదరదు.

బాల్టిమోర్ ఇళ్ల ముందు రాయిలా కనిపించే ఫార్మ్‌స్టోన్ రాయి కాదు, 1937లో పేటెంట్ తీసుకున్న సిమెంట్ పూత. లోపలి ఇటుక ఎలా ఉందో అది తీసేదాకా తెలియదు. తీయించే ఖర్చుతోపాటు రిపాయింటింగ్ ఖర్చూ కలిపే లెక్క వేసుకోండి.

కొత్త కాండోకి ఇన్‌స్పెక్షన్ దేనికి?

కొత్తది కాబట్టే. పాత ఇంటి లోపాలు ఎప్పుడో బయటపడి ఉంటాయి, కొత్తవాటి లోపాలు ఇంకా బయటపడలేదు. తాళాలు తీసుకునే ముందు మీరే చేయగలిగినవి కొన్ని: అన్ని షవర్లూ ఒకేసారి తిప్పి పది నిమిషాలు వదిలి సింకుల కింద చేయి పెట్టి చూడండి. బాత్రూము ఫ్యాన్ జాలీకి టిష్యూ కాగితం ఆనించండి, పట్టుకుని ఉండకపోతే ఫ్యాన్ తిరుగుతోంది గానీ గాలి పోవట్లేదు. బాల్కనీలో గ్లాసుడు నీళ్లు పోయండి, తలుపువైపు పారితే వాలు తప్పు. టేపు పెట్టి గదులు కొలవండి. ప్రకటనలో చెప్పిన వైశాల్యం గోడల మందం కలిపి ఉండొచ్చు.

చిన్న లోపాలకు బిల్డర్ వారంటీ సాధారణంగా ఏడాది. పదకొండో నెలలో ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి జాబితా రాయించి, గడువులోగా రాతపూర్వకంగా పంపండి. భవనం నిర్మాణ లోపాలకు పెన్సిల్వేనియా, డీసీ కాండో చట్టాలు రెండేళ్ల వారంటీ ఇస్తాయి.

ఫీజు తక్కువ అని చెప్పారు. నమ్మొచ్చా?

కొత్త భవనంలో మొదటి బడ్జెట్ వేసేది డెవలపర్. యూనిట్లు అమ్ముడుపోవాలి కాబట్టి ఫీజు తక్కువ చూపించాలన్న ఆశ అతనికి ఉంటుంది. లిఫ్టు కొత్తది, వారంటీలో ఉంది, కాబట్టి మొదటి రెండేళ్లు ఆ ఫీజే చాలుతుంది. యజమానుల చేతికి బోర్డు వచ్చి, సర్వీసు కాంట్రాక్టులు అసలు ధరకు రాసుకున్నాక ఒక్కసారిగా పెరుగుతుంది.

సంతకానికి ముందు అడగాల్సిన కాగితాలు: బడ్జెట్, రిజర్వ్ స్టడీ (పెద్ద మరమ్మతుల కోసం దాచే నిధి, అంటే రిజర్వ్, చాలుతుందా అన్న అంచనా), బోర్డు సమావేశాల రెండేళ్ల మినిట్స్ (చర్చల రాతప్రతి), మొత్తం భవనానికి ఉండే మాస్టర్ ఇన్సూరెన్స్ పత్రం, ఫీజు బకాయిల జాబితా, కోర్టు కేసుల వివరం. వీటిలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే మినిట్స్ చదవండి. ‘పార్కింగ్‌లో నీరు, ఇంజినీరు కొటేషన్ వాయిదా’ అనే వాక్యం మూడు సమావేశాల్లో వరసగా కనిపిస్తే అక్కడ రాబోయే బిల్లు ఉంది. రిజర్వ్ స్టడీలో ‘పర్సెంట్ ఫండెడ్’ అనే అంకె ఉంటుంది, ఉండాల్సిన నిధిలో ఎంత శాతం ఉందో చెప్పేది. 70 పైన ఉంటే గట్టిగా ఉన్నట్టు, 30 లోపు ఉంటే బలహీనం అని ఆ రంగంలోవాళ్లు లెక్కేస్తారు.

స్పెషల్ అసెస్‌మెంట్ అంటే ఎంత దాకా రావచ్చు?

రిజర్వ్‌లో డబ్బు చాలనప్పుడు ఫీజుకి అదనంగా యజమానులందరి దగ్గరా వసూలు చేసే మొత్తం అది. తిలా పాపం తలా పిడికెడు. 80 యూనిట్ల భవనంలో బయటి అద్దాల సీలెంట్, లిఫ్టుల పనికి 16 లక్షల డాలర్లు కావాలి, రిజర్వ్‌లో 4 లక్షలే ఉన్నాయనుకోండి. మిగతా 12 లక్షలు 80తో భాగిస్తే సగటున 15,000. కానీ వసూలు చేసేది తలకింత అని కాదు, వాటా శాతం ప్రకారం. మీ పెద్ద యూనిట్ వాటా 1.6 శాతమైతే మీకు పడేది 19,200. ఆ శాతం డిక్లరేషన్ (కాండోని ఏర్పరిచే పత్రం) చివర పట్టికలో ఉంటుంది, చూసుకోండి.

ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 1981లో కట్టిన చాంప్లైన్ టవర్స్ సౌత్ 2021 జూన్ 24న కూలి 98 మంది చనిపోయారు. మరమ్మతుల అంచనాలు, అసెస్‌మెంట్ మీద యజమానుల మధ్య అంతకుముందే ఏళ్లపాటు వాదనలు నడిచాయి. ఆ తర్వాత లెండర్లు వాయిదా పడ్డ మరమ్మతుల గురించి ఏ కాండోకైనా గుచ్చిగుచ్చి అడుగుతున్నారు.

ఫిలడెల్ఫియాలో కొత్త కట్టడానికి పన్ను మినహాయింపు ఉందట?

ఉంది, కానీ తేదీ చూడాలి. 2021 డిసెంబరు 31 లోపు పర్మిట్‌కి దరఖాస్తు చేసిన కొత్త ఇళ్లకు పదేళ్లపాటు కట్టడం విలువ మీద పన్ను లేదు, నేల మీదే కట్టాలి. 2022 నుంచి మొదటి ఏడు 100 శాతం, రెండో ఏడు 90, అలా ఏటా 10 చొప్పున తగ్గుతుంది.

ఇల్లు చేతులు మారితే గడియారం మళ్లీ మొదలవదు. ఏడేళ్లు గడిచిన యూనిట్ కొంటే మీకు మిగిలేది మూడేళ్లే. మదింపు 6 లక్షలు, అందులో కట్టడం 4.8 లక్షలు అనుకుంటే 1.3998 శాతం రేటున మినహాయింపు పోయిన నాడు ఏడాదికి 6,719 డాలర్లు, అంటే నెలకు 560 పెరుగుతుంది. సొంతంగా ఉండే ఇంటికి నగరం ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు, ఇదీ రెండూ కలిపి రావు.

లోన్ దేనికి తేలిక?

రోహౌస్‌కి బ్యాంకు మిమ్మల్నీ ఆ ఇంటినీ చూస్తుంది, కాండో అయితే మొత్తం భవనాన్ని కూడా చూస్తుంది. రిజర్వ్‌కి బడ్జెట్‌లో కనీసం 10 శాతం వెళ్లాలన్నది ఫ్యానీ మే (బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే సంస్థ) చాలాకాలంగా పెట్టిన షరతు, ఇప్పటి అంకె మీ లెండర్‌ని అడగండి. 15 శాతానికి మించి యూనిట్లు 60 రోజులుగా ఫీజు బాకీ ఉన్నా, నిర్మాణ లోపాల మీద కోర్టు కేసు నడుస్తున్నా లోన్ ఆగిపోవచ్చు. 25 శాతంకన్నా తక్కువ డౌన్ పేమెంట్‌తో 30 ఏళ్ల లోన్ తీసుకుంటే కాండోకి అదనంగా 0.75 శాతం రుసుము పడుతుంది: 4 లక్షల లోన్‌కి 3,000 డాలర్లు.

ఫీజు కూడా మీ అర్హతను కోస్తుంది. 6.5 శాతం వడ్డీకి నెలకు 100 డాలర్ల ఫీజు అంటే దాదాపు 15,800 డాలర్ల లోన్ తగ్గినట్టు.

రోహౌస్‌కి ఆటంకం ఇంటి పరిస్థితి. కప్పు కారుతూ, వైరింగ్ పాడై ఉంటే మామూలు లోన్ కష్టం. మరమ్మతు ఖర్చునీ కలిపి ఇచ్చే ఎఫ్‌హెచ్ఏ 203(కె) అనే ప్రభుత్వ హామీ లోన్ ఉంది. దాని లిమిటెడ్ రకంలో పరిమితిని 2024 నవంబరులో 75,000 డాలర్లకు పెంచారు. నిర్మాణ మార్పులకు ఆ రకం పనికిరాదు.

ఇన్సూరెన్స్?

కాండోకి హెచ్ఓ-6 పాలసీ, అంటే యూనిట్ యజమాని సొంతంగా తీసుకునేది. మాస్టర్ పాలసీ గోడ దాకా ఆగుతుందా, లోపలి క్యాబినెట్లు కూడా కలుపుతుందా అన్నది తెలుసుకోకుండా కొనకండి. మీ వాషర్ గొట్టం పగిలి కింద మూడు ఇళ్లు తడిస్తే మాస్టర్ పాలసీ డిడక్టిబుల్ మీ మీద వేసే నియమం చాలా భవనాల్లో ఉంది. అది 25,000 డాలర్లైనా కావచ్చు. భవనానికి జరిగిన నష్టంలో మీ మీద పడే వాటాకు పనికొచ్చే లాస్ అసెస్‌మెంట్ కవరేజి సాధారణంగా 1,000 డాలర్లతోనే వస్తుంది, పెంచుకోవడానికి ఖర్చు తక్కువే. రోహౌస్‌కైతే మురుగు ఎదురుతన్నడం, భూమిలోని పైపులు విడిగా అడిగి కలుపుకోవాలి. మామూలు పాలసీలో అవి ఉండవు.

ఏది నిశ్శబ్దంగా ఉంటుంది?

రెండు వరసల ఇటుక గోడ మాటల్ని, టీవీని బాగా ఆపుతుంది. మెట్ల మీద పరుగులు, తలుపు కొట్టుకోవడం దూలాల ద్వారా వస్తాయి. కాండోలో యూనిట్ల మధ్య గోడలకు ఎస్‌టీసీ (గోడ శబ్దాన్ని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 50 ఉండాలని బిల్డింగ్ కోడ్ చెబుతుంది. అది కనీసం మాత్రమే, ‘లగ్జరీ’ అన్న పదానికీ దానికీ సంబంధం లేదు. కాంక్రీట్ స్లాబా, చెక్క ఫ్రేమా అన్నదే తేల్చుతుంది. బయటికి ఒకేలా కనిపించే ఐదారు అంతస్తుల భవనాలు చాలావరకు చెక్కవే. సాయంత్రం ఏడు గంటలకు వెళ్లి పైన ఎవరైనా నడుస్తుండగా పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి.

పోపులు, వేపుళ్ల పొగ సంగతి?

కాండోల్లో స్టవ్ మీది హుడ్ తరచుగా పొగను బయటికి పంపదు. బొగ్గు ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్లీ గదిలోకే వదులుతుంది. హుడ్ పైన గొట్టం పోతోందో లేదో క్యాబినెట్ తెరిచి చూడండి. తర్వాత గొట్టం పెట్టించుకోవడం దాదాపు అసాధ్యం, బయటి గోడ మీది కాదు. రోహౌస్‌లో వంటిల్లు వెనక గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి 6 అంగుళాల రంధ్రం కొట్టి బయటికి తీయడం ఒక రోజు పని. హోమం చేయదలిస్తే కాండో మేనేజర్‌తో ముందే మాట్లాడండి. పొగకు అలారం మోగితే భవనమంతా కిందికి దిగాల్సి వస్తుంది.

ఊరి నుంచి అమ్మానాన్నా వచ్చి ఆర్నెల్లు ఉంటారు. మెట్లు?

ఇందులో రోహౌస్ ఓడిపోతుంది. కింద పూర్తి బాత్రూము ఉండదు, మెట్లు నిటారు. ఫిలడెల్ఫియా ట్రినిటీ ఇళ్లలో అంతస్తుకొక్క గది, మధ్యలో గుండ్రంగా తిరిగే మెట్లు. వాటిలో పెద్ద మంచం కూడా పైకి ఎక్కదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు లిఫ్టున్న భవనమే.

కారు ఛార్జింగ్?

రోహౌస్‌కి వెనక సందులో పార్కింగ్ లేకపోతే ఇంట్లో ఛార్జింగ్ మరిచిపోండి. కాండోలో పార్కింగ్ దస్తావేజులో రాసి ఇచ్చిందా, బోర్డు కేటాయించిందా అడగండి. రెండోదైతే మారొచ్చు.

రోహౌస్‌నే రెండు కాండోలుగా చేసి అమ్ముతున్నారు. అది మధ్యేమార్గం కదా?

డీసీలో ఇవి విరివిగా దొరుకుతాయి, మేమైతే అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తపడేది వీటి దగ్గరే. పాత ఇంటి లోపాలన్నీ ఉంటాయి, నిర్ణయం మాత్రం ఇద్దరిది. అసోసియేషన్‌లో రెండే ఓట్లు. కప్పు కారేది పై యూనిట్‌కి, నీళ్లు నిండేది కింది యూనిట్‌కి, ఒకరి బాధ ఒకరికి పట్టదు. రిజర్వ్‌లో ఏమీ లేకపోవడం సాధారణం. రెండు నుంచి నాలుగు యూనిట్ల భవనాలకు ఫ్యానీ మే పూర్తి సమీక్ష అడగదు కాబట్టి బ్యాంకు కూడా హెచ్చరించదు. కొంటే బైలాస్‌లో (అసోసియేషన్ నియమావళి) మూడు చూడండి: ఇద్దరికీ కుదరకపోతే మధ్యవర్తి ఎవరు, ఒకరు డబ్బు కట్టకపోతే ఇంకొకరు పని చేయించి రాబట్టుకోవచ్చా, మాస్టర్ పాలసీ అసలు ఉందా.

సంతకం పెట్టాక వెనక్కి తగ్గొచ్చా?

కాండోకి చట్టం కొంత వ్యవధి ఇస్తుంది. పెన్సిల్వేనియాలో కొత్త యూనిట్ కొంటే పబ్లిక్ ఆఫరింగ్ స్టేట్‌మెంట్ (డెవలపర్ ఇచ్చే వివరాల పత్రం) అందాక 15 రోజులు, పాత యజమాని నుంచి కొంటే రీసేల్ సర్టిఫికెట్ (అసోసియేషన్ లెక్కలు, నియమాల పత్రం) అందాక 5 రోజులు. మేరీల్యాండ్‌లో రీసేల్‌కి 7 రోజులు. రోజుల లెక్క కాగితాలు చేతికందిన నాటి నుంచే, కాబట్టి అవి వచ్చిన ఈమెయిల్ తేదీ దాచుకుని, ఆ రాత్రే చదవడం మొదలుపెట్టండి. రోహౌస్‌కి ఇలాంటి గడువు ఏదీ లేదు. కాంట్రాక్టులో రాసుకున్న షరతులే, ముఖ్యంగా ఇన్‌స్పెక్షన్ షరతే, మీ దారి. మురుగు కెమెరాకీ ఇంజినీరుకీ సరిపడా రోజులు అందులో ఉండాలి. ఇన్‌స్పెక్టర్‌తో పాటు మీరూ బేస్‌మెంట్‌లోకి దిగండి, తాళంచెవి, అయస్కాంతం మర్చిపోకుండా.